ఆది జాకెట్టు

చీరాల నేత బజారులో, మనిషి బంగారమే గానీ వయసుతోపాటు ఒళ్ళూ మారుతుందన్న సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోని హైమావతి అనే ఒకావిడ ఉండేది.

ఆవిడకి నలభై ఆరేళ్ళు. భర్త మల్లికార్జునరావు హైస్కూల్లో లెక్కల మాస్టారు, నెమ్మదస్తుడు. ముందుగదిలో వాళ్ళ పెళ్ళి ఫొటో ఉండేది. అందులో హైమావతి బక్కపల్చగా, పూలజడ బరువుకే పడిపోయేటట్టు ఉండేది. రోజూ పొద్దున్నే ఆ ఫొటోని తడిగుడ్డతో తుడిచి, కాసేపు నిలబడి చూసుకునేది. లోపలిగదిలో నిలువుటద్దం కూడా ఉంది. దాని మీద మాత్రం ఎప్పుడూ ఏదో ఒక చీర ఆరేసి ఉండేది. ఎవరైనా "కాస్త ఒళ్ళు చేశావు హైమా" అన్నారో, ఆ మనిషితో వారం రోజులు మాటలుండేవి కావు.

హైమావతి తండ్రి వీరాస్వామి పేరున్న నేతగాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ రోజుల్లో నేత బజారులో ఏ గుమ్మం ముందు నుంచి నడిచినా మగ్గం చప్పుడే వినపడేది. బడి నుంచి రాగానే హైమావతి రాట్నం ముందు కూర్చుని తండ్రికి కండెలు చుట్టి ఇచ్చేది. ఆ చప్పుడులోనే ఎక్కాలు వల్లించింది, ఆ చప్పుడులోనే నిద్రపోయింది. ఇప్పుడా బజారులో నాలుగు మగ్గాలు కూడా లేవు. వీరాస్వామీ లేడు, పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన చేతి పని ఒక్కటే మిగిలింది. కూతురి పెళ్ళికని, రోజూ కూలి నేతకు కూర్చునే ముందు, తెల్లవారుజామునే లేచి నలభై రోజులు నేసిన చీర అది. కుంకుమ రంగు, ఆకుపచ్చ అంచు, ఒళ్ళంతా చిన్న చిన్న మామిడి పిందెలు. మగ్గానికి నిలువుగా సాగదీసిన అదే పడుగు చివర జాకెట్టు గుడ్డ కూడా నేశాడు. పెళ్ళయిన కొత్తలో పండక్కీ పబ్బానికీ ఆ చీరే కట్టి, ఆ జాకెట్టే తొడిగి హైమావతి మురిసిపోయేది. తర్వాత ఎప్పుడో అవి రెండూ పెట్టెలోకి వెళ్ళాయి. ఎందుకు వెళ్ళాయో ఆవిడ ఎవరికీ చెప్పలేదు, మనమూ అడగొద్దు.

ఒకరోజు నేతగాళ్ళ సంఘం నుంచి మనిషి వచ్చాడు.

"అమ్మా, సంఘం పెట్టి యాభై ఏళ్ళయింది. వచ్చే నెల ఆఖరి ఆదివారం పొద్దున పదింటికి సంబరం. మొదటి తరం నేతగాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ పిలుస్తాం. పిలవగానే వాళ్ళ ఆడపిల్ల, తండ్రి నేసిన చీర కట్టుకుని వేదికెక్కి దీపం వెలిగించాలి. వీరాస్వామిగారి తరఫున మీరే రావాలి" అన్నాడు.

హైమావతికి కళ్ళు చెమర్చాయి. అతను గుమ్మం దాటాడో లేదో పెట్టె తెరిచింది. చీర వేపాకుల మధ్య భద్రంగానే ఉంది. జాకెట్టు తీసి తొడుక్కోబోయింది. అది మోచెయ్యి దాటి పైకి రాలేదు.

"వేరే జాకెట్టు వేసుకో, చీర మీ నాన్నది అయితే చాలదూ?" అన్నాడు మల్లికార్జునరావు.

"ఒకే పడుగు మీద నేశాడండీ రెంటినీ. విడదీసి కట్టుకుంటే ఆయన మనసు ఏమవుతుంది?" అంది హైమావతి. మాస్టారు లెక్కల పుస్తకం తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే హైమావతి ఆ పాత జాకెట్టూ, మూడు కొత్త గుడ్డలూ సంచిలో పెట్టుకుని మౌలాబీ దగ్గరికి వెళ్ళింది. మౌలాబీ ఆ బజారు ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టే మనిషి. అరవై అయిదేళ్ళుంటాయి. ఆవిడ కొట్టుకి పైన రేకులు, మధ్యలో కాలితో తొక్కే మిషను, మూలన కత్తిరింపు ముక్కల బుట్ట. చిన్నప్పుడు హైమావతి ఆ బుట్టలో చేతులు పెట్టి కలబెట్టి, బొమ్మలకు పరికిణీలు చేసుకునేది. "ఎర్రది నాది, నువ్వు ముట్టుకోకు" అని తోటి పిల్లలతో కొట్లాడేది. ఆ బుట్ట ఇంకా అక్కడే ఉంది.

మౌలాబీ దగ్గర కొలతల టేపు ఉన్నా దాన్ని మెడలో వేసుకోవడమే గానీ వాడేది తక్కువ. ఒంటికి సరిగ్గా పట్టే జాకెట్టు ఒకటి తెచ్చి ఇవ్వాలి. దాన్ని పరిచి, కొత్త గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తిరిస్తుంది. అలా కొలతకిచ్చే జాకెట్టుని ఆది జాకెట్టు అంటారు. మన ఊళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన పద్ధతే. హైమావతి ఆరోజు ఆదిగా తీసి ఇచ్చింది తన పెళ్ళినాటి జాకెట్టుని!

మౌలాబీ దాన్ని చూసింది, హైమావతిని చూసింది.

"ఏమే అమ్మాయ్, ఇది ఎవరికి?"

"నాకే పిన్నీ. దీన్ని ఆది పెట్టుకుని ఈ మూడూ కుట్టు. నెల రోజుల్లో నేను ఈ కొలతకి దిగుతాను. సంబరానికి నాన్న జాకెట్టే వేసుకుంటాను."

"నెల రోజులెందుకు? ఇటివ్వు, కుట్లు విప్పుతాను."

"ఒక్క కుట్టు విప్పావంటే ఊరుకోను! కుట్టు విప్పితే నేను లావైనట్టు ఒప్పుకున్నట్టేగా?"

"ఓసి పిచ్చి మొహమా! జాకెట్టుని ఒంటికి కుడతారు గానీ, ఒంటిని జాకెట్టుకి కుడతారటే?" అని మౌలాబీ తల కొట్టుకుంది. కానీ హైమావతి పట్టుదల ఆవిడకి తెలియనిదా! గుడ్డలూ జాకెట్టూ తీసి అరలో పెట్టింది.

పంతం పట్టి వచ్చింది సరే, నెలలో సన్నబడటం ఎలా? ఎదురింట్లో స్వర్ణలత అనే ఆవిడ ఉండేది. ఒకప్పుడు బొద్దుగా ఉండేది, ఏడాది కిందట ఉన్నట్టుండి సగమైంది. అప్పటి నుంచి ఇంట్లో డబ్బాలు పెట్టుకుని ఏదో సన్నబడే పొడి అమ్ముతోంది. హైమావతి వెళ్ళి అడిగీ అడక్కముందే ఫోను తీసి తన ఫొటోలు రెండు చూపించింది. ఒకటి మునుపటిది, ఒకటి తర్వాతిది.

"చూశారా వదినా! తిండి మానక్కర్లేదు, నడవక్కర్లేదు. పొద్దున ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా మజ్జిగలో కలుపుకోండి. ఇరవై ఒక్క రోజుల్లో మీ పెళ్ళి ఫొటోలో మనిషి మీ అద్దంలో ఉంటుంది."

"ఒకసారి డాక్టరమ్మని అడగనా?"

"అడిగితే వద్దనే అంటారు. వాళ్ళ మందులు వాళ్ళు అమ్ముకోవద్దూ? ఇవి వనమూలికలు వదినా. మొక్కలు ఏం చేస్తాయి?"

ఏం చేస్తాయా? గన్నేరూ మొక్కే, ఉమ్మెత్తా మొక్కే. నేత బజారులో చిన్నపిల్లకైనా ఆ సంగతి తెలుసు. కానీ ఆశ పుట్టినప్పుడు తెలిసిన సంగతులు కూడా ఒక పట్టాన గుర్తుకు రావు. హైమావతి డబ్బా కొంగు చాటున పెట్టుకుని ఇంటికి వచ్చి, మాస్టారి కంట పడకుండా ఆవకాయ జాడీల వెనకాల దాచింది.

మొదటి వారంలో మూడు కిలోలు తగ్గింది. చెప్పొద్దూ, ఆవిడ ఆనందం పట్టతరం కాలేదు. అద్దం మీది చీర తీసేసింది. వంటింట్లో కూనిరాగాలు తీసింది. రోజుకి పదిసార్లు పెరట్లోకి పరిగెత్తాల్సి వచ్చినా పట్టించుకోలేదు. ఆకలి వేయడం మానేసింది. "ఎంత సుఖం!" అనుకుంది.

రెండో వారంలో నోరు పిడచకట్టుకుపోవడం మొదలైంది. ఊరికే కూర్చున్నా గుండె దడదడలాడేది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. ఒకరోజు పూలు కట్టబోతే చేతులు వణికాయి. ఎనిమిదేళ్ళ వయసులో సన్నని నూలుపోగు తెగకుండా కండెకు చుట్టిన చేతులవి. ఇప్పుడు మల్లెపువ్వు కాడకి దారం ముడి వేయలేకపోయాయి. ఆవిడకి భయం వేసింది. ఎదురింటికి వెళ్ళింది.

"అదేం కాదు వదినా! ఒంట్లో మలినాలన్నీ బయటికి పోతున్నాయి. మందు పనిచేస్తోందన్నమాట. ఇంకో చెంచా పెంచండి, దెబ్బకి దారిలో పడతారు" అంది స్వర్ణలత.

హైమావతి ఇంకో చెంచా పెంచింది.

"ముఖం పీక్కుపోతోంది హైమా, ఒకసారి చూపించుకుందాం పద" అన్నాడు మాస్టారు.

"ఉపవాసాలండీ" అంది ఆవిడ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భర్తతో అబద్ధం చెప్పడం అదే మొదలు.

పదిహేడో రోజు పొద్దున హైమావతి మౌలాబీ కొట్టుకి నడిచింది. మూడు వీధుల దూరానికి రెండుచోట్ల అరుగుల మీద కూర్చోవాల్సి వచ్చింది.

"పిన్నీ, నాన్న జాకెట్టు ఇటివ్వు. వేసి చూస్తా."

మౌలాబీ ఆవిడ ముఖం చూసి ఉలిక్కిపడింది. "ఏమిటే ఆ కళ్ళు? జబ్బు పడ్డావా?" అంది. హైమావతి వినిపించుకోకుండా తెర వెనక్కి వెళ్ళింది. జాకెట్టు మోచెయ్యి దాటింది. భుజం దాకా ఎక్కింది! గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది. కానీ ముందు హుక్కులు నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయాయి. ఊపిరి బిగబట్టి లాగింది. ఇంకా లాగింది. తర్వాత కళ్ళు బైర్లు కమ్మాయి. ధబ్బుమన్న చప్పుడు విని మౌలాబీ తెర తీసి చూస్తే, హైమావతి కత్తిరింపు ముక్కల బుట్ట మీద పడి ఉంది.

మౌలాబీ నీళ్ళు చల్లింది, కేక పెట్టి ఆటో పిలిచింది, ఆవిడ ఒంటి మీద పైట కప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా "వీరాస్వామన్న బిడ్డ, వీరాస్వామన్న బిడ్డ" అంటూ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గుండె పరీక్ష చేసింది, రక్తం తీయించింది.

"ఒంట్లో నీరూ లవణాలూ బాగా పడిపోయాయి. గుండె లయ తప్పింది. ఏం తిన్నారమ్మా? నిజం చెప్పండి" అంది.

హైమావతి భర్త వైపు చూడలేక గోడ వైపు తిరిగి, మెల్లగా, "ఆవకాయ జాడీల వెనకాల ఉందండీ" అంది. మాస్టారు పరుగున వెళ్ళి డబ్బా తెచ్చాడు. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చదివింది.

"మూలికల పేర్లు పద్నాలుగు రాశాడు. తయారుచేసిన చోటు మాత్రం రాయలేదు. మీ పరిస్థితి చూస్తే ఇందులో విరేచనాల మందు, ఒంట్లో నీరు తోడేసే మందు, గుండెను పరిగెత్తించే మందు ఏదో కలిపారనిపిస్తోంది. పరీక్షకి పంపుతాను. మీకు తగ్గింది కొవ్వు కాదమ్మా, నీళ్ళు. ఇంకో నాలుగు రోజులు మింగి ఉంటే నేను కూడా ఏమీ చేయలేకపోయేదాన్ని."

మాస్టారు అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. "ఉపవాసాలన్నావు కదే" అని ఒక్క మాట అన్నాడు. హైమావతికి ఆ మాట సూది కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

మర్నాడు స్వర్ణలత బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చింది. హైమావతి ఆవిడ ముఖంలోకి చూసి అడిగింది.

"స్వర్ణా, నువ్వు ఇప్పుడు కూడా ఆ పొడి తాగుతున్నావా?"

స్వర్ణలత బత్తాయిలు బల్ల మీద పెట్టింది. "లేదొదినా. నాకు పడలేదు. గుండెదడ వస్తుంటే ఆరు నెలల కిందటే మానేశాను."

"మరి నాకెందుకిచ్చావే?"

"నా ఒక్కదానికే పడలేదేమో అనుకున్నా. ఆ ఫొటో చూసి అందరూ మెచ్చుకుంటుంటే, అది నిజమేనని నాకూ నమ్మాలనిపించింది." ఆవిడ తల దించుకుని ఏడ్చింది. హైమావతికి తిట్టాలని నోటిదాకా వచ్చింది. కానీ తన అద్దం మీద ఆరేసిన చీర గుర్తొచ్చి ఊరుకుంది.

ఇంటికొచ్చిన వారానికల్లా పోయిన కిలోలన్నీ చక్కగా వెనక్కి వచ్చాయి. సంబరం రెండు రోజుల్లోకి వచ్చింది. హైమావతి మంచం దిగలేదు.

"నేను వెళ్ళనండీ. నాన్న పేరు పిలుస్తారు, ఎవరూ లేవరు. అంతే" అని దిండులో ముఖం దాచుకుంది.

ఆ మధ్యాహ్నం మౌలాబీ కాగితం పొట్లం ఒకటి పట్టుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంది. పొట్లం విప్పింది. పెళ్ళినాటి జాకెట్టు.

"నీ కొత్త గుడ్డలు మూడూ ఇంకా కత్తిరించలేదు. నీకు బుద్ధి వచ్చేదాకా ఆగుదామని అలాగే పెట్టాను. ఇది మాత్రం విప్పాను."

"విప్పొద్దన్నానా పిన్నీ!"

"అన్నావు. విప్పాను. ఏం చేసుకుంటావో చేసుకో. ముందు నే చెప్పేది విను." మౌలాబీ గొంతు సవరించుకుంది. "నీ పెళ్ళికి పది రోజుల ముందు మీ నాయన ఈ గుడ్డ పట్టుకుని మా కొట్టుకొచ్చాడు. ఆడవాళ్ళ కొట్టు అని గుమ్మంలోనే తల వంచుకుని నిలబడ్డాడు. 'అమ్మా మౌలాబీ, మా పిల్ల బక్కది. తల్లి లేదు. మగ్గం ఆడని రోజుల్లో గంజి తాగి పెరిగింది. అత్తారింట్లోనన్నా కడుపునిండా తిని ఒళ్ళు చెయ్యాలి. అప్పుడు కూడా ఈ జాకెట్టు దానికి పట్టాలి. అందుకే గుడ్డ ఎక్కువ నేశాను. కత్తిరించి బుట్టలో పారెయ్యకు తల్లీ, లోపల దాచు' అన్నాడు. అందరికీ నేను లోపల ఒక వేలు గుడ్డ వదులుతాను. నీకు మూడు వేళ్ళు వదిలాను, చేతుల్లో కూడా. ఒత్తుకోకుండా లైనింగు కింద మడిచి చేత్తో కుట్టాను. ఇన్నేళ్ళూ చెబుదామంటే, నువ్వు కుట్టు మీద చెయ్యి వెయ్యనిస్తేగా?"

హైమావతి జాకెట్టుని చేతిలోకి తీసుకుంది. తొడిగి తొడిగి, ఉతికి ఉతికి పైగుడ్డ రంగు వెలిసిపోయింది. పక్కల్లో, చేతుల్లో కొత్తగా బయటపడ్డ పట్టీలు మాత్రం మగ్గం మీద నుంచి ఆరోజే కోసినట్టు కుంకుమ రంగులో ఉన్నాయి. వాటి మీద ఒక్క ఎండ పొడ పడలేదు. ఆ పట్టీల మీద వేళ్ళు పెట్టి తడిమి చూసింది. తండ్రి చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. "నాన్నా, నేను లావవ్వాలని కోరుకున్నావా! నేనేమో ఈ ఒంటినే చంపుకోవాలని చూశాను" అని బావురుమని ఏడ్చింది. మౌలాబీ ఆవిడ తల తన ఒళ్ళోకి తీసుకుంది. గుమ్మం దగ్గర మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తర్వాత హైమావతి లేచి, ముఖం కడుక్కుని, జాకెట్టు తొడుక్కుంది. హుక్కులు ఒకదాని తర్వాత ఒకటి ఇట్టే పడ్డాయి. ఊపిరి పీల్చుకోవడానికి కూడా కాస్త చోటు మిగిలింది.

ఆదివారం పొద్దున పదింటికి "నేతగాడు వీరాస్వామి" అని పిలిచారు. కుంకుమ రంగు చీరలో హైమావతి వేదికెక్కింది. ఒత్తి వెలిగిస్తున్నప్పుడు ఆవిడ చెయ్యి వణకలేదు. కింద మౌలాబీ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. దిగి వస్తుంటే ఒక కాలేజీ పిల్ల ఆపి అడిగింది.

"ఆంటీ, మీ జాకెట్టుకి పక్కన ఆ ఎర్ర పట్టీలు భలే ఉన్నాయి. కొత్త ఫ్యాషనా?"

"ఫ్యాషన్ కాదమ్మా. నేను లావయ్యాక వేసుకోవడానికని మా నాన్న ఇరవై నాలుగేళ్ళ కిందటే నేసి పెట్టిన గుడ్డ" అంది హైమావతి. లావు అన్న మాట తన గురించి తన నోటితో అనడం అదే మొదటిసారి. అని, హాయిగా నవ్వింది.

ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ పొద్దున్నే మౌలాబీతో కలిసి నడవడం మొదలుపెట్టింది. వేళకి తింది, స్వీట్లు తగ్గించింది. ఎదురింటి స్వర్ణలత కూడా డబ్బాలన్నీ డాక్టరమ్మకి అప్పగించి, వాళ్ళ వెనకాలే నడిచేది. బరువు తగ్గిందా అంటే, తగ్గింది, నెలకి ఇంత అని మెల్లగా. మౌలాబీ ఆ మూడు కొత్త గుడ్డలూ అప్పటి ఒంటికి సరిపోయేలా కుట్టింది. లోపల ఒక వేలు గుడ్డ వదిలింది. అద్దం మీద మళ్ళీ చీర ఆరేయలేదు.

ఒంటిని ఓపికతో కాపాడుకోవాలే తప్ప, రోజులు లెక్కపెట్టి సన్నబరుస్తామనే పొడుల్ని నమ్మి మింగకూడదు. అలా మింగితే తగ్గేది లావు కాదు, ఆయుష్షు.